గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్: రిపోర్టు చెప్పేవి, చెప్పనివి

గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్ చేయించుకున్న కొన్నాళ్లకు చేతికొచ్చే రిపోర్టు సాధారణంగా ఒక పేజీ కూడా నిండదు. చాలామంది అందులో ఒకే మాట కోసం వెతుకుతారు: క్యాన్సర్ ఉందా, లేదా? లేదని తెలియగానే కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. కణాల్లో మార్పులున్నాయని రాసి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. రెండు సందర్భాల్లోనూ రిపోర్టును సగమే చదివినట్టు. ఈ పరీక్ష ముఖ్యంగా వెతికేది క్యాన్సర్‌కు ముందు దశను. ఆ దశ నెలలు కాదు, ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ వెతుకులాటలో హార్మోన్ల స్థితి, యోనిలోని సూక్ష్మజీవుల తీరు, రోగనిరోధక శక్తి, అరుదుగా గర్భాశయం లోపలి సంగతులు కూడా బయటపడతాయి. అలాగే, ఈ రిపోర్టు చెప్పలేని విషయాలు చెబుతుందని నమ్మడం వల్ల కాపురాలు కలతపడుతున్నాయి, జబ్బులు ముదురుతున్నాయి. కాబట్టి రెండు వైపులా తెలుసుకోవాలి.

ముందుగా ఆ చోటు గురించి. గర్భాశయం కింది కొస సన్నబడి యోనిలోకి కొద్దిగా పొడుచుకు వస్తుంది. ముఖద్వారం అంటే అదే. దాని వెలుపలి భాగాన్ని చర్మంలాగే పొరలు పొరలుగా పేర్చిన బల్లపరుపు కణాలు కప్పి ఉంటాయి. లోపలి సన్నని కాలువను మాత్రం జిగురును స్రవించే పొడవాటి స్తంభాకార కణాలు ఒకే వరుసలో కప్పుతాయి. ఈ రెండు రకాల కణాలూ కలిసే సరిహద్దు జీవితాంతం ఒకే చోట ఉండదు. యుక్తవయసులో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ప్రభావంతో లోపలి కణాలు కొంత బయటికి జరుగుతాయి. యోనిలోని ఆమ్లత తగలడంతో అవి క్రమంగా బల్లపరుపు కణాలుగా మారిపోతాయి. ఈ మార్పు జరిగే పట్టీని పరివర్తన మండలం అంటారు. హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, ఎక్కువగా పట్టు సాధించేది ఇక్కడే. ముఖద్వార క్యాన్సర్లలో అత్యధికం మొదలయ్యేదీ ఇక్కడే. నెలసరి ఆగిపోయాక ఈ పట్టీ మళ్లీ కాలువ లోపలికి వెళ్లిపోతుంది. పెద్ద వయసులో నమూనా తీయడం కొంత కష్టం కావడానికి అదొక కారణం. పరివర్తన మండలపు కణాలు నమూనాలో ఉన్నాయా లేవా అని రిపోర్టులో ఒక చిన్న వాక్యం ఉంటుంది. బ్రష్ సరైన చోటికి చేరిందో లేదో చెప్పేది అదే.

పరీక్ష పుట్టుక తెలిస్తే రిపోర్టులో హార్మోన్ల ప్రస్తావన ఎందుకు వస్తుందో సులువుగా అర్థమవుతుంది. జార్జ్ పాపనికొలావ్ అనే గ్రీకు శాస్త్రవేత్త న్యూయార్క్‌లో చార్లెస్ స్టాకర్డ్‌తో కలిసి గినీ పందుల యోని స్రావాలను గాజు పలకల మీద పూసి పరిశీలించి, 1917లో ఆ ఫలితాలను ప్రచురించారు. అప్పటికి ఆయన వెతుకుతున్నది క్యాన్సర్‌ను కాదు. ఆ జంతువుల్లో అండం విడుదలయ్యే సమయాన్ని కణాల రూపాన్ని బట్టి గుర్తించవచ్చా అన్నదే ఆయన ప్రశ్న. గుర్తించవచ్చని తేలాక స్త్రీల నమూనాలకు మళ్లారు. ఆయన భార్య ఆండ్రోమకీ ఏళ్ల తరబడి తన నమూనాలను ఈ పరిశోధనకు ఇచ్చారు. ఆ పరిశీలనల మధ్యలోనే ఆయనకు కొందరు స్త్రీల నమూనాల్లో క్యాన్సర్ కణాలు కనిపించాయి. ఆ సంగతిని 1928లో ప్రకటిస్తే వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. దాదాపు అదే కాలంలో రొమేనియాలో ఆరెల్ బాబెష్ కూడా వేరే పద్ధతిలో ఇలాంటి నిర్ధారణకే వచ్చారు. హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి పాపనికొలావ్ 1941లో ఒక పత్రం, 1943లో ఒక గ్రంథం వెలువరించాకే వైద్యుల దృష్టి ఇటు మళ్లింది. నేడు పాప్ స్మియర్ అని పిలిచే పరీక్షకు ఆ పేరు ఆయన నుంచే వచ్చింది.

నమూనా తీయడానికి కొన్ని నిమిషాలు చాలు. స్పెక్యులమ్ అనే పరికరంతో యోని గోడలను మెల్లగా ఎడం చేసి, ముఖద్వారం కనిపించగానే చిన్న బ్రష్‌తో చుట్టూ రాసి కణాలను సేకరిస్తారు. వాటిని గాజు పలక మీద పూస్తారు, లేదా ద్రవం ఉన్న సీసాలో జాడిస్తారు. సీసాలోని నమూనాకు ఒక సౌలభ్యం ఉంది: కణాల పరిశీలనకూ హెచ్‌పీవీ పరీక్షకూ అదే పనికొస్తుంది.

మైక్రోస్కోప్ కింద ఆ నమూనా రంగుల లోకం. నిండుగా ఎదిగిన పై పొర కణాలు గులాబీ, నారింజ ఛాయల్లో వెడల్పుగా పరుచుకుని, నడుమ చుక్కంత కేంద్రకంతో కనిపిస్తాయి. ఈస్ట్రోజెన్ బాగా ఉందనడానికి అది గుర్తు. మధ్య పొర కణాలు నీలి ఆకుపచ్చ రంగు పట్టుకుంటాయి. నెలసరి ఆగిపోయి కొన్నేళ్లయిన స్త్రీ నమూనాలో ఈ రెండూ తగ్గి, అడుగు పొరకు చెందిన చిన్న గుండ్రటి కణాలే ఎక్కువగా కనిపిస్తాయి. అప్పుడు రిపోర్టులో ‘అట్రోఫీ’ అని రాస్తారు. ఇది జబ్బు పేరు కాదు, ఈస్ట్రోజెన్ తగ్గడంతో పొర పలచబడిందని అర్థం. ప్రసవమయ్యాక పాలిచ్చే నెలల్లోనూ ఇలాగే కనిపించవచ్చు. అయినా ఈ మాటను దాటేయకూడదు. యోనిలో పొడిబారడం, మంట, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం వంటి ఇబ్బందులను వయసు మీద పడింది కదా అని మౌనంగా భరిస్తున్న స్త్రీలు ఎందరో ఉన్నారు. వాటికి శారీరకమైన కారణం ఉందనీ, చికిత్స కూడా ఉందనీ డాక్టరుతో మాట మొదలుపెట్టడానికి ఆ ఒక్క పదం ఆధారమవుతుంది. పలచబడిన ఈ కణాలు ఒక్కోసారి క్యాన్సర్ ముందు మార్పుల్లా భ్రమ కలిగిస్తాయి. అలాంటప్పుడు కొద్ది రోజులు ఈస్ట్రోజెన్ క్రీమ్ వాడించి మళ్లీ నమూనా తీసే పద్ధతి ఉంది. పొర కోలుకున్నాక చాలా సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి.

సూక్ష్మజీవుల సంగతి కూడా ఆ పలక మీదే బయటపడుతుంది. కాండిడా అనే శిలీంధ్రపు పోగులు బల్లపరుపు కణాలను దండ గుచ్చినట్టు గుచ్చుకుంటూ పోతాయి. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి బేరిపండు ఆకారంలో బూడిదరంగుగా కనిపిస్తుంది. యోనిలో సహజంగా ఉండాల్సిన లాక్టోబాసిల్లస్‌లు తగ్గి వేరే బ్యాక్టీరియా పెరిగినప్పుడు, ఆ బ్యాక్టీరియా కణాల మీద దుమ్ములా పేరుకుని అంచులు మసకబారతాయి. హెర్పిస్ సోకిన కణంలో అనేక కేంద్రకాలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ గరుకు గాజులా కనిపిస్తాయి. అన్నింటికీ ఒకే చికిత్స పనికిరాదు. ఏ ఇబ్బందీ లేని స్త్రీ రిపోర్టులో కాండిడా కనిపించినంత మాత్రాన సాధారణంగా మందులు అక్కర్లేదు. ట్రైకోమోనాస్ అలా కాదు. అది లైంగికంగా వ్యాపించేది కాబట్టి భాగస్వామికి కూడా చికిత్స చేయకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. గర్భాశయంలో లూప్ ఉన్నవారి రిపోర్టులో ‘ఆక్టినోమైసిస్’ అనే బ్యాక్టీరియా పేరు రావచ్చు. జ్వరం, పొత్తికడుపు నొప్పి లాంటివేవీ లేకపోతే దాని కోసం లూప్ తీయించుకోవాల్సిన పనిలేదు. ‘వాపు లక్షణాలు’ అన్న మాటైతే ఎంత తరచుగా కనిపిస్తుందో, అంత తరచుగా అనవసరమైన యాంటీబయాటిక్‌లకు దారితీస్తుంది. వాపు అనేది ఒక స్పందన మాత్రమే. దాని వెనుక ఇన్‌ఫెక్షన్ ఉందని తేలకుండా మందులు వాడడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం.

ఇంకొక వాక్యం అరుదుగా వస్తుంది గానీ, వచ్చినప్పుడు తప్పక పట్టించుకోవాలి. 45 ఏళ్లు దాటిన స్త్రీ నమూనాలో గర్భాశయం లోపలి పొరకు చెందిన కణాలు కనిపిస్తే ఆ సంగతిని రిపోర్టులో రాస్తారు. నెలసరి ఇంకా వస్తున్నవారిలో అది మామూలే కావచ్చు. నెలసరి ఆగిపోయినవారిలో మాత్రం ఆ కణాలు అక్కడ ఉండకూడదు కాబట్టి లోపలి పొరను పరీక్షించాలి. గ్రంథి కణాల్లో తేడా ఉందని, అంటే ఏజీసీ అని రాసి ఉంటే ముఖద్వారపు కాలువతో ఆగకుండా, 35 ఏళ్లు దాటినవారిలో, అసాధారణ రక్తస్రావం ఉన్నవారిలో గర్భాశయం లోపలి పొర నుంచి కూడా చిన్న ముక్క తీసి చూస్తారు. గర్భాశయ క్యాన్సర్‌ను ఈ దారిలో తొలిసారి కనుక్కున్న సందర్భాలు ఉన్నాయి. అయితే ఇది అదృష్టవశాత్తూ కంటపడేదే తప్ప, నమ్ముకోదగ్గ పరీక్ష కాదు.

అసలు విషయం హెచ్‌పీవీ. ముఖద్వార క్యాన్సర్ కణాల్లో హెచ్‌పీవీ 16 రకాన్ని 1983లో, 18 రకాన్ని ఆ మరుసటి ఏడాది జర్మనీలో హారాల్డ్ సుర్ హౌజెన్ బృందం గుర్తించింది. దానికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఈ వైరస్‌లలో 200కు పైగా రకాలున్నా, ముఖద్వారానికి ప్రమాదకరమైనవి సుమారు 14. వాటిలో 16, 18 రకాలే దాదాపు 70 శాతం ముఖద్వార క్యాన్సర్లకు కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6,60,000 మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది. సుమారు 3,50,000 మంది చనిపోయారు. అయినా ఈ అంకెల పక్కనే మరో సంగతి పెట్టి చూడాలి. లైంగిక జీవితం ఉన్న స్త్రీపురుషుల్లో అత్యధికులకు ఏదో ఒక దశలో హెచ్‌పీవీ సోకుతుంది. పదింట తొమ్మిది సందర్భాల్లో రెండేళ్ల లోపు శరీరమే దాన్ని అణిచేస్తుంది. చిక్కంతా తిష్ఠ వేసుకుని కూర్చున్న వైరస్‌తోనే. అది తయారుచేసే రెండు ప్రొటీన్లు కణవిభజనకు కళ్లెం వేసే మన సొంత ప్రొటీన్లను నిర్వీర్యం చేస్తాయి. ఆ స్థితి నుంచి క్యాన్సర్ వరకు సాధారణ ఆరోగ్యం ఉన్నవారిలో 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో, ముఖ్యంగా చికిత్స అందని హెచ్‌ఐవీ ఉన్నవారిలో, ఆ గడువు 5 నుంచి 10 ఏళ్లకు కుదించుకుపోతుంది.

హెచ్‌పీవీ పాజిటివ్ అన్న మాట ఇంట్లో పుట్టించే అనుమానం గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. ఫలితం తెలిసిన మరుక్షణం చాలామంది మనసులో మెదిలే ప్రశ్న వైద్యానికి సంబంధించింది కాదు: ఇది ఎవరి నుంచి వచ్చింది? పెళ్లయి పదిహేనేళ్లయింది, ఇప్పుడెలా వచ్చింది? భార్య భర్తను అనుమానిస్తుంది, భర్త భార్యను. ఆ ప్రశ్నకు ఈ పరీక్ష దగ్గర జవాబు లేదు; ఉండే అవకాశమూ లేదు. వైరస్ ఏ సంవత్సరంలో సోకిందో, ఎవరి ద్వారా వచ్చిందో చెప్పే గుర్తు ఏదీ ఆ నమూనాలో ఉండదు. ఎన్నో ఏళ్ల కిందట సోకి, పరీక్షకు అందనంత తక్కువ స్థాయిలో నిద్రాణంగా ఉండిపోయి, వయసుతో గానీ మరో కారణంతో గానీ రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అది మళ్లీ బయటపడవచ్చు. నిన్నటిదాకా నెగటివ్ వచ్చి నేడు పాజిటివ్ రావడానికి కూడా ఇదే కారణం కావచ్చు. జీవితంలో ఒకే ఒక్క భాగస్వామి ఉన్న స్త్రీకీ ఇది రావచ్చు. కాబట్టి ఈ కాగితాన్ని నడవడికకు సాక్ష్యంగా చూపేవారు వైద్యశాస్త్రం చెప్పని మాటను దాని నోట పలికిస్తున్నారు. ఫలితం చెప్పే డాక్టరు, నర్సు ఈ మాటను అప్పటికప్పుడే చెప్పాలి. చెప్పకుండా కాగితం చేతికిచ్చి పంపడం చికిత్సలో లోపమే అనుకుంటాను.

ఇక కణాల మార్పులకు ల్యాబ్ పెట్టే పేర్లు. 1988 నుంచి వాడుకలో ఉన్న బెథెస్డా పద్ధతి ప్రకారం, మార్పులేవీ లేకపోతే ఎన్‌ఐఎల్‌ఎం అని రాస్తారు. ఏఎస్‌సీ-యూఎస్ అంటే కణాలు పూర్తిగా మామూలుగా లేవు, అలాగని తేడా ఉందని గట్టిగా చెప్పేలానూ లేవు అని అర్థం. ఈ ఫలితం వచ్చినప్పుడు హెచ్‌పీవీ పరీక్షే దారి చూపుతుంది: వైరస్ లేకపోతే భయపడాల్సింది దాదాపు లేనట్టే. ఎల్‌ఎస్‌ఐఎల్ అంటే స్వల్ప మార్పులు. ఇవి వైరస్ చురుగ్గా ఉన్న సంగతిని చెబుతాయే తప్ప, క్యాన్సర్ వైపు నడకను కాదు; కేంద్రకం చుట్టూ ఖాళీ వలయం ఏర్పడిన కణాలు దీనికి ఆనవాలు. హెచ్‌ఎస్‌ఐఎల్ అంటే తీవ్రమైన మార్పులు. దీన్ని మాత్రం వాయిదా వేయకూడదు. చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్ష రిపోర్టులో ఇవే మార్పులను సీఐఎన్ 1, 2, 3 అని అంకెలతో చెబుతారు. క్యాన్సర్‌ను కూడా దశల అంకెలతోనే చెబుతారు కాబట్టి సీఐఎన్ 3 అని చదివి క్యాన్సర్ మూడో దశ అని కుప్పకూలిపోయేవారు ఉన్నారు. ఆ రెంటికీ సంబంధం లేదు. సీఐఎన్ 3 అంటే మార్పు చెందిన కణాలు పై పొర మందమంతా వ్యాపించినా, అడుగు పొరను దాటి లోపలి కణజాలంలోకి చొరబడలేదని. చొరబడితేనే అది క్యాన్సర్.

సీఐఎన్ 3ను వదిలేస్తే ఏమవుతుంది? దీనికి జవాబు మనకు తెలిసిన తీరే బాధాకరమైనది. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో ఒక ఆసుపత్రిలో 1960లు, 70లలో ఈ మార్పులున్న కొందరు స్త్రీలకు సరైన చికిత్స చేయకుండా కేవలం గమనిస్తూ ఉండిపోయారు. తాము ఒక పరిశీలనలో భాగమన్న సంగతే వారిలో చాలామందికి తెలియదు. 1987-88లో న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ నేతృత్వంలో జరిగిన విచారణ ఈ అన్యాయాన్ని బయటపెట్టింది. తర్వాత ఆ రికార్డులన్నీ పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం తేల్చిందేమిటంటే, చిన్న ముక్క తీసి చూడడానికి మించి చికిత్స అందని 143 మందిలో 30 ఏళ్లలో క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 31 శాతం. తగిన చికిత్స అందినవారిలో అది 0.7 శాతం. ఈ రెండు అంకెల మధ్య దూరమే స్క్రీనింగ్ విలువ. అదే సమయంలో, చికిత్స లేకపోయినా ముగ్గురిలో ఇద్దరికి ముప్ఫై ఏళ్లలో క్యాన్సర్ రాలేదన్నది కూడా ఆ అంకెలోనే ఉంది. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పగలిగే మార్గం లేదు కాబట్టే అందరికీ చికిత్స చేస్తారు. సీఐఎన్ 1 విషయంలో ఆ తొందర అక్కర్లేదు, సాధారణంగా గమనిస్తే చాలు. సీఐఎన్ 2లో సుమారు సగం రెండేళ్లలో వాటంతట అవే తగ్గిపోతాయి. కాబట్టి పిల్లలు కనాలనుకునే యువతుల్లో జాగ్రత్తగా పరిశీలిస్తూ ఆగడం కూడా సరైన మార్గమే.

రిపోర్టులో తేడా వస్తే తదుపరి మెట్టు కాల్పోస్కోపీ. పేరు వినడానికి భయంగా ఉన్నా, అది ముఖద్వారాన్ని భూతద్దంలో చూడడమే. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగుతారు. మామూలు పొర గులాబీ రంగులోనే ఉండిపోతుంది. కేంద్రకాలు ఉబ్బి కిక్కిరిసిన కణాలున్న చోట మెల్లగా తెల్లటి మచ్చ తేలుతుంది. అంచులు ఎంత స్పష్టంగా, తెలుపు ఎంత చిక్కగా ఉంటే అనుమానం అంత ఎక్కువ. అయోడిన్ పూస్తే ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. గ్లైకోజెన్ అనే పిండిపదార్థ నిల్వ నిండిన ఆరోగ్యకరమైన కణాలు ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి, అది లేని చోటు పసుపుగా మిగిలిపోతుంది. అనుమానం ఉన్న చోట మిల్లీమీటర్ల పరిమాణంలో ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. చికిత్స అవసరమైతే ఆ భాగాన్ని అతిచల్లదనంతో గానీ వేడితో గానీ నిర్మూలిస్తారు, లేదా విద్యుత్ తీగ ఉచ్చుతో పలుచగా కోసి తీసేస్తారు. గర్భసంచి తీయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. ముందు దశ మార్పు కనిపించగానే గర్భసంచి తీసేద్దామని ఎవరైనా అంటే రెండో అభిప్రాయం తీసుకోవాలి. లోతుగా కోసిన సందర్భాల్లో తర్వాతి గర్భధారణలో నెలలు నిండకముందే ప్రసవమయ్యే ముప్పు కొంత పెరుగుతుంది. అందుకే పిల్లలు కనాలన్న ఆలోచన ఉంటే ఆ సంగతి చికిత్సకు ముందే డాక్టరుకు చెప్పాలి.

మార్పులు పదేపదే వస్తున్నా, వైరస్ ఎంతకీ పోకపోయినా, ఆ సమస్య ముఖద్వారానికే పరిమితం కాకపోవచ్చు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ముఖద్వార క్యాన్సర్ ముప్పు మిగతావారి కంటే ఆరు రెట్లు ఎక్కువ. అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారికీ ముప్పు ఎక్కువే. పొగతాగడం కూడా దీనికి తోడవుతుంది. పొగాకులోని పదార్థాలు రక్తం ద్వారా ముఖద్వారపు జిగురులోకి చేరి అక్కడి రక్షణను బలహీనపరుస్తాయి. కాబట్టి పట్టువదలని హెచ్‌పీవీ ఉన్న స్త్రీకి హెచ్‌ఐవీ పరీక్ష సూచించడాన్ని అవమానంగా తీసుకోకూడదు. తెలిస్తే రెంటికీ చికిత్స ఉంది.

ఈ పరీక్ష చెప్పనివి కూడా అంతే ముఖ్యం. అండాశయ క్యాన్సర్‌ను ఇది పట్టుకోలేదు. పిల్లలు పుడతారా లేదా అన్నది చెప్పదు. ఫైబ్రాయిడ్లు, అండాశయాల్లో తిత్తులు దీనిలో కనిపించవు. క్లమీడియా, గనేరియా, సిఫిలిస్‌లకు విడిగా పరీక్షలు అడగాలి. పాప్ స్మియర్ నార్మల్ అంటే లైంగిక వ్యాధులేవీ లేవని అర్థం కాదు. కణాల పరీక్ష తన సొంత పనిలోనూ కొన్నిసార్లు తప్పుతుంది. యూరప్, ఉత్తర అమెరికాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2006 నాటి ఒక విశ్లేషణలో, సీఐఎన్ 2 లేదా అంతకు మించిన మార్పులను ఒక్కసారి చేసిన కణాల పరీక్ష 53 శాతం, హెచ్‌పీవీ పరీక్ష 96 శాతం గుర్తించాయి. అయినా పాప్ స్మియర్ ఇన్ని ప్రాణాలు ఎలా కాపాడింది? మళ్లీ మళ్లీ చేయడం వల్ల. మార్పులు నెమ్మదిగా సాగుతాయి కాబట్టి, ఒకసారి తప్పించుకున్నది మరోసారి దొరుకుతుంది. 1960లలో దేశవ్యాప్తంగా క్రమపద్ధతిలో స్క్రీనింగ్ మొదలుపెట్టిన ఫిన్లాండ్‌లో ఈ క్యాన్సర్ సుమారు 80 శాతం తగ్గింది. జీవితంలో ఒక్కసారి పాప్ స్మియర్ చేయించుకుని నిశ్చింతగా ఉండిపోవడానికి మాత్రం ఆ అంకె పూచీ కాదు.

ఇప్పుడు చాలా దేశాలు హెచ్‌పీవీ పరీక్షనే మొదటి మెట్టుగా చేసుకుంటున్నాయి. ఆస్ట్రేలియా 2017 డిసెంబరులో ఆ మార్పు చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి మార్గదర్శకాల్లో 30 ఏళ్ల నుంచి 5 లేదా 10 ఏళ్లకోసారి, హెచ్‌ఐవీ ఉన్నవారికైతే 25 ఏళ్ల నుంచి 3 లేదా 5 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్షను సూచించింది. ఇంత పెద్ద విరామం చూసి నిర్లక్ష్యమనుకోవద్దు. నేడు ప్రమాదకర వైరస్ లేదని తేలితే, వచ్చే కొన్నేళ్లలో తీవ్రమైన మార్పు పుట్టే అవకాశం చాలా తక్కువ. ఇరవై ఏళ్ల అమ్మాయిల్లో ఈ పరీక్ష చేయకపోవడానికీ కారణం ఉంది: వారిలో వైరస్ విరివిగా కనిపిస్తుంది, దానంతట అదే పోతుంది, పరీక్షిస్తే మిగిలేది భయం, అనవసరమైన చికిత్స. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవారికి కూడా స్క్రీనింగ్ అవసరమే, ఎందుకంటే టీకాలు ప్రమాదకర రకాలన్నింటినీ కాయవు. మరో మంచి మార్పు, స్పెక్యులమ్ లేకుండా స్త్రీయే స్వయంగా యోని నుంచి నమూనా తీసుకోవడం. పీసీఆర్ పద్ధతిలో పరీక్షించినప్పుడు దాని కచ్చితత్వం డాక్టరు తీసిన నమూనాకు దాదాపు సమానం. సిగ్గు వల్ల గానీ, గతంలో ఎదురైన హింస వల్ల గానీ, నొప్పి భయంతో గానీ పరీక్షకు దూరమైన స్త్రీలకు ఇది నిజమైన వరం. స్వయంగా తీసిన నమూనాలో ముఖద్వారపు కణాలు సరిగ్గా ఉండవు కాబట్టి, పాజిటివ్ వస్తే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లక తప్పదు.

ఒక హెచ్చరికను మాత్రం గట్టిగా చెప్పాలి. స్క్రీనింగ్ అంటే ఏ ఇబ్బందీ లేనివారికి చేసే పరీక్ష. కలయిక తర్వాత రక్తం కనిపించినా, నెలసరుల మధ్య రక్తస్రావం అయినా, నెలసరి ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనపడినా, దుర్వాసనతో రక్తం కలిసిన తెల్లబట్ట అవుతున్నా తదుపరి స్క్రీనింగ్ తేదీ వరకు ఆగకూడదు. ఆర్నెల్ల కిందటి రిపోర్టు నార్మల్ అని ఊరుకోకూడదు. ఆ లక్షణాలకు ముఖద్వారాన్ని కళ్లారా చూసే పరీక్ష, అవసరమైతే బయాప్సీ కావాలి.

పరీక్షకు వెళ్లే ముందు రెండు రోజులు యోనిలో మందులు, క్రీములు వాడకుండా, లోపల కడగకుండా, కలయికకు దూరంగా ఉంటే నమూనా బాగా వస్తుంది. నెలసరి ఎక్కువగా అవుతున్న రోజులు తప్పించాలి. చిన్న సైజు స్పెక్యులమ్ అడగవచ్చు, మహిళా సిబ్బందిని కోరవచ్చు, మధ్యలో ఆపమని చెప్పవచ్చు. తర్వాత ఒకటి రెండు రోజులు కొద్దిగా మరక కనిపించడం మామూలే. నమూనా సరిపోలేదని రిపోర్టు వస్తే అది చెడు వార్త కాదు, అలాగని నార్మల్ కూడా కాదు, మళ్లీ ఇవ్వాలి.

రిపోర్టు ప్రతి తప్పనిసరిగా అడిగి తీసుకుని పాతవాటితో కలిపి దాచుకోవాలి. ఏ తేదీన, ఏ పరీక్ష, ఏ ఫలితం అన్న మూడు వివరాలు డాక్టరు నిర్ణయాన్ని పూర్తిగా మార్చగలవు. ఒకే ఏఎస్‌సీ-యూఎస్ ఫలితం, అంతకుముందు హెచ్‌పీవీ నెగటివ్‌లు ఉన్న స్త్రీకి ఏడాది తర్వాత మళ్లీ పరీక్షగా ముగియవచ్చు; పదేళ్ల కిందట సీఐఎన్ 3కి చికిత్స పొందిన స్త్రీకి వెంటనే కాల్పోస్కోపీ కావచ్చు. 65 ఏళ్లు దాటాక పరీక్షలు ఆపవచ్చా, వేరే కారణంతో గర్భసంచి తీసేశాక ఇంకా అవసరమా అన్న ప్రశ్నలకు కూడా ఆ పాత కాగితాలే జవాబిస్తాయి. గర్భసంచితో పాటు ముఖద్వారం కూడా తీశారా, లేక దాన్ని ఉంచేశారా అన్నది ఆపరేషన్ కాగితంలో ఉంటుంది. ఉంచేసి ఉంటే స్క్రీనింగ్ కొనసాగించాల్సిందే.